బడి కొళాయి నీళ్ళు

అమ్మకు వినుత నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి ఇన్నాళ్ళకు వీలైంది. ఆపరేషన్ అయిన కంట్లో చుక్కలు మానకుండా వేయించుకుంటున్నావని చెల్లి చెప్పింది. ఇంకొన్నాళ్ళు చింతామణిలోనే ఉండు, తొందరపడి రావద్దు.

బడి పిల్లలకు ఏమైందని, అమరన్న ఫోను ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. రెంటికీ జవాబు ఒకటే.

మొన్నామధ్య ఒక సోమవారం నుంచి ఒకరి తర్వాత ఒకరికి వాంతులు, విరేచనాలు. అన్న కూతురు దీక్ష కూడా పడిపోయింది. పిల్లలను చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో చేర్చారు. ఆరోగ్య ఇన్‌స్పెక్టరును కాబట్టి విచారణకు నన్ను పంపారు. నేను వెళ్ళేసరికి బడి వంటగది ముందు జనం మూగి ఉన్నారు. వంట చేసే మునివెంకటమ్మ లోపల గడియ పెట్టుకుంది. అన్న తలుపు బాదుతున్నాడు.

"ఏం కలిపినావో చెప్పు. నా బిడ్డ ఆడ సెలైను మీద ఉండాది."

"నేనూ అదే అన్నం తింటి కదప్పా," అని లోపలినుంచి ఏడుపు.

జనాన్ని పంపించి, పిల్లల ఇళ్ళకు తిరిగాను. మధ్యాహ్నం ఇంటికి పోయి తినే పిల్లలకూ జబ్బు వచ్చింది. బడిలోనే తిన్నా, ఇంటినుంచి నీళ్ళు తెచ్చుకున్నవాళ్ళు హాయిగా ఆడుకుంటున్నారు. తప్పు అన్నంలో లేదు, కొళాయిలో ఉంది. వెంటనే దాన్ని కట్టేయించి, పైపు వెంటే నడిచాను.

ఇంతవరకూ నీకు చెప్పలేకపోయింది ఇదే అమ్మా. ఆ పైపుకు మన ఆవుల కొట్టం దగ్గర రంధ్రం ఉంది. అన్న ఎవరికీ చెప్పకుండా దానికి రబ్బరు గొట్టం బిగించి ఆవులకు నీళ్ళు పట్టుకుంటున్నాడు. ఆ అతుకు పేడనీళ్ళ కాలువలో మునిగి ఉంది. మోటారు ఆగినప్పుడల్లా ఆ మురుగు పైపులోకి పోయి బడికి చేరింది.

అన్నకు ఆ అతుకు చూపించాను. "పైపు పాతదై పగిలిందని రాయమ్మా. ఊర్లో తలెత్తుకోలేను," అన్నాడు.

"మునివెంకటక్క ఎట్ల తలెత్తుకోవాలన్నా?" అన్నాను.

ఉన్నది ఉన్నట్టే రాశాను, అన్న పేరుతో సహా.

పంచాయతీవాళ్ళు పైపు మార్చారు. ట్యాంకు కడిగించి బ్లీచింగ్ వేయించాను. పరీక్షలో నీళ్ళు మంచివని తేలేదాకా పిల్లలకు కాచిన నీళ్ళే. దీక్షతో పాటు అందరూ కోలుకొని ఇళ్ళకు వచ్చారు. మునివెంకటమ్మ మాత్రం పని మానేసింది. "మళ్ళీ ఎవురికన్నా కడుపు నొస్తే నన్నే అంటారు కదమ్మా," అంది.

అన్న నాతో మాట్లాడటం లేదు. నువ్వు రాగానే మమ్మల్ని కలపాలని చూస్తావు. నాకేమీ తొందర లేదు. ముందు అన్నను వెంటబెట్టుకొని మునివెంకటమ్మ ఇంటికి పో. నేను పిలిస్తే రాడు, నువ్వు పిలిస్తే వస్తాడు.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
వినుత