పండుకున్న ఈతచెట్లు

బోధన్,
జనవరి, 1968

తమ్ముడు లక్ష్మీరాజానికి,

ఫ్రాన్సు నుంచి వచ్చాక నువ్వు పత్రికలో రాసిన వ్యాసం చదివాను. గొప్ప పేర్ల వెంట పడకండి, ఎవరూ పట్టించుకోని చిన్న ద్రాక్షతోటలను వెతుక్కుంటూ వెళ్లండి, అసలైన వైను అక్కడే ఉందన్నావు. బాగుంది. మరి మన కాలువ గట్టు మీది ఈతవనాన్ని చెరకు కోసం కొట్టెయ్యమని అధికారిగా సంతకం పెట్టావే, ఒక్కసారైనా వచ్చి చూశావా? భర్త పోయాక కల్లు అమ్ముకునే వెంకటవ్వకు ఆ వనమే బతుకు.

సగం చెట్లు చచ్చాయని నీ ఉత్తర్వులో ఉంది. ఒక ఏడాది కల్లు గీసిన చెట్టును మరుసటి ఏడాది గీయకుండా, సేదతీరడానికి వదిలేస్తారయ్యా! కల్లుకుండ వేలాడకపోతే చెట్టు చచ్చినట్టేనా? ఉత్తర్వు చదివి వినిపిస్తే వెంకటవ్వ, "పండుకున్నోణ్ణి సచ్చిండని మోస్కపోతరా, సారూ?" అన్నది. ఆమెకు నువ్వేం చెబుతావు?

శుక్రవారం గొడ్డళ్లు వస్తాయి. ఆలోగా ఉత్తర్వు ఆపు.

నిరుడు మా ఇంట్లో కల్లు తాగి, "గింత తియ్యగున్నది, ఏ వనంది అన్నా?" అని అడిగావు. గుర్తుందా? నువ్వు చచ్చాయని రాసిన చెట్లదే ఆ కల్లు.

ఇంకా నీ అన్ననే అనుకుంటున్న
నేను