మూడో దెబ్బ

అమ్మకు నమస్కారాలు.

నేనూ నీ అల్లుడూ కులాసాగానే ఉన్నాం. నా ఎడమ చెవికి మాత్రం నాలుగు కుట్లు పడ్డాయి, కంగారుపడకు. మోకాలి నొప్పి తగ్గిందని రాశావు. మెట్లు ఎక్కొద్దంటే మాత్రం వింటావా నువ్వు?

నా మీద ఫిర్యాదు వచ్చిందట, నిజమేనా అని అడిగావు. ఈ నీళ్ల ఉద్యోగం ఎప్పుడు మానేస్తావనీ అడిగావు. నవ్వొచ్చింది. నన్ను ఇందులోకి తోసిందెవరు? పక్కింటివాడి పన్ను రాలగొట్టానని, దీనికి ఒళ్లు అలిసిపోతేగానీ బుద్ధి రాదని యువ సాహస పతకం శిక్షణలో చేర్పించింది నువ్వే. కంచు పతకానికి కొండలెక్కించారు, వెండికి అడవిలో పడుకోబెట్టారు. బంగారానికి వచ్చేసరికి ఈత మాస్టారు నన్ను ఏట్లోకి దింపి, తనే మునిగేవాడిలా నా మెడ పట్టుకున్నాడు. "మునిగేవాడికి మనుషులు కనపడరమ్మాయ్. చేతికందినదాన్ని ఎక్కేస్తాడు. దవడ మీద ఒకటివ్వు. వదలకపోతే ఇంకోటి. అప్పుడు వెనక నుంచి పట్టుకో," అన్నాడు. నా కోపానికి ఒక పని దొరికింది ఆ రోజే. వరద రక్షక దళంలో ఇన్నేళ్లుగా తింటున్న అన్నం ఆ ఏటిదే.

ఇక ఫిర్యాదు సంగతి. వరదలో కారు కొట్టుకుపోతోందని పిలుపొచ్చింది. మా పడవ వెళ్లేసరికి కారు కనపడలేదు, ఒకాయన తల పైకెత్తి అరుస్తున్నాడు. దూకాను. జుట్టు పట్టుకుని నన్ను కిందికి తొక్కాడు, చెవి కొరికాడు. ఒకటిచ్చాను. వదల్లేదు. రెండోదానికి వదిలాడు. అప్పుడు నీళ్ల కింద నా కాలికి మనిషి తగిలితే తెలిసింది, అతను అంతసేపూ నిలబడింది పెళ్లాం భుజాల మీద. పైకి లాగితే ఆవిడ మొహం నీలంగా ఉంది, ముక్కులోంచి రక్తం కారుతోంది. పడవలో పడుకోబెట్టి గుండె మీద నొక్కుతుంటే పక్కటెముక పుటుక్కుమంది. ఆ తర్వాతే ఊపిరొచ్చింది.

పడవెక్కాక కూడా కొట్టి తన దవడ విరగ్గొట్టానని అతను ఫిర్యాదు రాశాడు. ఎవరూ నమ్మలేదు. "నీళ్లు మింగినవాడికి ఏం గుర్తుంటుందిలే. నీళ్లలోనే తగిలిందని చెప్పు, సరిపోతుంది," అన్నాడు మా దళం పెద్దాయన.

నీ దగ్గర దాచలేను. అతను చెప్పేదే నిజం. అప్పటికి ఒక మూల కూర్చుని చలికి వణుకుతున్నాడు, ఎవరినీ ఏమీ చేసే స్థితిలో లేడు. పడవ నడిపేవాడు అటు తిరిగి ఉన్నాడు. నేను లేచి వెళ్లి నా బలమంతా పెట్టి కొట్టాను. మునిగేవాడిది తప్పు కాదని కొత్తవాళ్లకు పాఠం చెప్పేదాన్ని నేనే. కొట్టినందుకు ఆ క్షణంలో హాయిగా కూడా అనిపించిందమ్మా. ఇప్పుడు సిగ్గేస్తోంది.

నిన్న ఆస్పత్రిలో ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నా మీద నిలబడ్డట్టు ఆయనకు తెలీదు. తెలిస్తే బతకడు. ఎవరికీ చెప్పకక్కా," అంది.

ఈ ఉత్తరం నీకు చేరేసరికి విచారణ అయిపోయి ఉంటుంది. పడవలోనే కొట్టానని ఒప్పుకుంటాను. ఎందుకని అడిగితే కోపమొచ్చిందంటాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పను. ఉద్యోగం పోతుంది. చిన్నప్పుడూ రౌడీయే, ఇప్పుడూ రౌడీయే అని నీ మొహం మీదే అంటారు. అనేవాళ్లను అననివ్వు. నువ్వు కూడా నోరు విప్పకూడదు.

ఇట్లు,
నీ చిన్న కూతురు