తేమ గడిలో సున్నా

దుమ్ముగూడెం, మార్చి

ప్రియమైన భానూ,

సిగ్నల్ దొరికేలోపు చెప్పాలనుకున్నది మర్చిపోతున్నాను, అందుకే హాస్టల్ రోజుల్లోలా ఉత్తరం. మా ఆడవాళ్ల సంఘానికి ఇప్పపువ్వు లడ్డూలు చేసుకునే షెడ్డు మంజూరైంది. ఈగలు, దుమ్ము రాకుండా కిటికీలు మూసేసి ఏసీ పెట్టమన్నారు. అందరం లోపల కూర్చుంటే ఊపిరాడదు. తలుపు తీస్తే చల్లదనమంతా పోతుంది. భవనాలకు గాలి లెక్కలు కట్టడం నీ ఉద్యోగమే కదా, మాకూ ఒకటి కట్టిపెట్టవే. ఏడాదికి సరిపడా పువ్వు ఆ గదిలోనే ఉంటుంది. అది పాడైతే మళ్లీ ఎండాకాలం దాకా మాకు పని ఉండదు.

నీ వనజ

హైదరాబాద్, ఏప్రిల్

ప్రియమైన వనజా,

నీ షెడ్డును కంప్యూటర్‌లో కట్టేశాను, నీకంటే ముందే గృహప్రవేశం నాది. బయటికి పోయే చల్లగాలి, లోపలికి వచ్చే వేడిగాలి ఒకే పెట్టెలో పక్కపక్కన నడుస్తాయి. పోయేది తన చల్లదనాన్ని వచ్చేదానికి ఇచ్చి పోతుంది. కొన్ని పెట్టెలు వేడిని మాత్రమే ఆపుతాయి, కొన్ని తేమను కూడా. మీ వైపు వాతావరణం ఫైల్ నా దగ్గర లేదు. హైదరాబాద్‌ది పెట్టి, కంప్యూటర్‌లోని ఆ మోడల్‌ను ఏడాదంతా నడిపించి చూస్తే తేమతో ఇబ్బందేమీ కనిపించలేదు. అందుకే పెట్టె ఎంత తేమను ఆపాలో రాసే తేమ గడిలో సున్నా పెట్టి, వేడిని ఆపే రకమే రాశాను. నిశ్చింతగా పెట్టించుకో.

నీ భాను

దుమ్ముగూడెం, ఆగస్టు

ప్రియమైన భానూ,

ఈ ఉత్తరం రాయబుద్ధి కాలేదు. వానలు మొదలయ్యాక పువ్వుకు బూజు పట్టింది. సంచులన్నీ పారబోశాం. నీ పెట్టె బాగానే తిరుగుతోంది, దాని మీద నాకు అనుమానం లేదు. గది చూసుకునేది నాగక్క. ఉక్కపోస్తోందని తలుపు తీసి పెట్టావా అని అందరి ముందు అడిగాను.

"నేను తియ్యలే బిడ్డా" అంది.

భాను లెక్క తప్పదన్నాను. ఆమె సంఘమే వదిలి వెళ్లిపోయింది. అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి పెంచిన మనిషి. తొందరపడ్డానేమో అనిపిస్తూనే ఉంది. అయినా వెళ్లి పిలవలేదు.

నీ వనజ

హైదరాబాద్, సెప్టెంబర్

ప్రియమైన వనజా,

నాగక్క తలుపు తీయలేదు. ముందు ఆమె దగ్గరికి వెళ్లు, మిగతాది తర్వాత చదువు.

గోదావరి ఒడ్డు వానాకాలపు గాలి వివరాలు సంపాదించి అదే మోడల్‌ను మళ్లీ నడిపించాను. తలుపులన్నీ మూసే ఉంచాను. అయినా గది చెమ్మగిల్లింది. వచ్చే గాలి వేడిని వదిలింది గానీ తడిని వదల్లేదు, ఏసీ ఆ తడినంతా లాగలేకపోయింది. తేమను ఆపే పెట్టె రాయాల్సింది. వానాకాలం ఆ ఒడ్డునే మన హాస్టల్లో బట్టలారక తడివే వేసుకుని బడికి పోయిన దాన్ని, నాకు తెలియదా ఆ గాలి? సిగ్గుగా ఉంది వనజా. పెట్టె మార్పించే పూచీ నాది. వచ్చి నాగక్క కాళ్లు పట్టుకుంటాను.

నీ భాను

దుమ్ముగూడెం, సెప్టెంబర్

ప్రియమైన భానూ,

నువ్వు చెప్పినట్టే వెళ్లాను. నాగక్క ఇప్పుడు సారపాక కాగితం మిల్లుకు కట్టె లోడింగ్ పనికి పోతోంది. ఆమె ఆటో దిగేదాకా వాళ్ల గుమ్మంలో కూర్చుని, నీ ఉత్తరం చదివి వినిపించాను. నీమీద కోపం లేదు ఆమెకు. ఎరక్క చేసింది, ఏడవొద్దని రాయమంది. తప్పయింది, మళ్లీ సంఘానికి రమ్మన్నాను.

"తియ్యలేదని నేను చెప్తే నమ్మలే. కంప్యూటర్ చెప్పిందని వచ్చినవ్" అంది.

పెట్టె మార్చడానికి రా, కాళ్లు పట్టుకోనక్కర్లేదు. నిన్ను అప్పుడే క్షమించేసింది. నన్ను క్షమించమని అడిగితే మాత్రం, పొద్దున్నే పనికి పోవాలంటూ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

వనజ