వంటింటి తలుపు మీద గేదె

నర్సీపట్నం, 9-8-1979

నాన్నగారికి, దేవుని దయవల్ల ఇద్దరం కులాసా.

మీరు చేసి, కోటవురట్ల బస్సు మీద వేయించిన వంటింటి తలుపు భద్రంగా చేరింది. చెక్కలో ముడి ఉందని, లప్పం పెట్టి రంగుతో కప్పేయమని రాశారు. మీ అల్లుడు కప్పలేదు. ఆ ముడినే కన్నుగా చేసి గేదె బొమ్మ వేశారు. చుట్టూ లతలు నావి. ఇంత నున్నటి చెక్క మీద ఎన్నడూ కుంచె పెట్టలేదని మురిసిపోతున్నారు. పాలు పోసే అప్పలకొండమ్మ "అదేటమ్మా, నన్నే సూస్తంది" అని గుమ్మంలోనే ఆగిపోయింది.

అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వందనాలు చెప్పండి.

తలుపు ఇంకా గోడకే ఆనించి ఉంది. బందులు తెచ్చి మీరే బిగించాలట. బొమ్మ కింద ఆయన రెండు పేర్లు రాశారు. మొదటిది మీది.

మీ కరుణ