లత కాళ్ల వాపు

మంగళవారం

ఈరోజు శంషాబాద్‌లో లత ఉన్న కిరాయి గదిని నేను ఖాళీ చేస్తుంటే బస్తీ దవాఖాన నర్సమ్మ వచ్చింది. "కడుపుతోనున్న లత ఈడనే ఉంటదా? కార్డు రాయాలె" అంది. నా బిడ్డ ఫిట్స్ వచ్చి, కడుపులో పిల్లతో సహా పోయి పదకొండు రోజులైందని చెప్పాను. బిల్డింగు పనికి ఊరు విడిచి వచ్చాక దాని బీపీ ఎవరూ చూడలేదు.

"కాళ్లు వాచినయని ఎవ్వలికన్న చెప్పిందా అమ్మా?" అని నర్సమ్మ రిజిస్టర్‌లో రాసుకుంటూ అడిగింది.

"నాకే చెప్పింది, ఫోన్ల. గట్ల నీరొస్తది బిడ్డా, కానుపైతే తగ్గుతది, నాకూ గట్లనే అయిందని చెప్పిన."

నర్సమ్మ రాయడం ఆపింది. "ఊకో అమ్మా, అది బీపీతోని వచ్చిన వాపని నీకేం ఎరుక" అంది.

నిజంగానే నాకు తెలియదు. లత మాత్రం ఆ రోజు ఫోన్‌లో నవ్వింది. "నువ్వు చెప్పినవ్ గదమ్మా, ఇగ దవాఖానకెందుకు, పనికి పోత" అంది.