పాత కుట్టు

నవంబరు 4, మంగళవారం
రేవతిని మదనపల్లె తీసుకెళ్ళి స్కాను తీయించాను. ఎనిమిదో నెల దాటింది. మాయ బాగా కిందికి ఉందట. మొదటి కాన్పులో కోసిన చోట, ఆ పాత కుట్టు మీదే అతుక్కుపోయినట్టు కనిపిస్తోందట. డాక్టరమ్మ గర్భసంచి బొమ్మ గీసి చూపించింది. ఈసారి కోత పైన పెట్టాలి. బిడ్డను తీశాక మాయను లాగకూడదు. లాగితే రక్తం ఆగదు. ఊడి రాకపోతే సంచితో సహా తీసేయాలి... దోసె పెనానికి అంటుకుంటే అట్లకాడతో గీకుతాం. ఇది గీకేది కాదు.

“రక్తం దొరికే పెద్దాసుపత్రిలో చేయించండి. నెలలు నిండేదాకా ఆగొద్దు” అంది డాక్టరమ్మ.

బస్సు మా పుంగనూరు చేరింది. దిగేముందు రేవతి నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. “సంచి తీసే మాట కుప్పంలో అత్తావాళ్ళకు చెప్పనని ఒట్టు వెయ్యమ్మా.”

వేశాను.

నవంబరు 5
రోజూ ఈ పుస్తకంలోనే రాసే పాల లెక్క కూడా ఇవాళ రాయలేదు.

నవంబరు 6, గురువారం
కుప్పం నుంచి వియ్యపురాలి ఫోన్. “వదినా, పంచాంగం సూపించినాం. ఇరవయ్యేడు పొద్దున పది గంటలకు బాగుండాది. మా వీధి నర్సింగ్ హోమ్‌లోనే. ఆ డాక్టరమ్మది సల్లని చెయ్యి.”

పెద్దాసుపత్రి అయితే... అన్నాను.

“మొదటిది మీరు చేయిస్తిరి, మేము నోరు తెరిస్తిమా? రెండోది మాది. ఇంత పెద్ద ఇల్లు, ఇద్దరితో నిండుతాదా? ఇంగా ఇద్దరు కావల్ల!” నవ్వింది. మంచి మనిషే.

నవంబరు 9, ఆదివారం
అల్లుడు వచ్చి రేవతిని తీసుకెళ్ళాడు. “స్కాను బాగుండాదంట గదత్తా?”

రేవతి నన్నే చూస్తోంది.

ఊఁ, అన్నాను.

రాత్రి ఈయనకు చెప్పాను. “రెండో కాన్పు వాళ్ళది. మనం యాల దూరేది?” అని అటు తిరిగి పడుకున్నారు.

నవంబరు 11
ఒట్టు తప్పితే ఎవరి తల మీద వేశామో వాళ్ళకే తగులుతుందంటారు. నమ్మను... నా తల మీద అయితే ఎప్పుడో తప్పేదాన్ని.

నవంబరు 12, బుధవారం
పొద్దున్నే అల్లుడి ఫోన్. రేవతికి రక్తం కనిపించిందట. “నొప్పి లేదత్తా. నొప్పి లేకుంటే భయం లేదంటాది అమ్మ.”

నొప్పి లేని రక్తమే — మదనపల్లె డాక్టరమ్మ భయపడింది దానికే.

చెప్పేశాను. కుట్టు, మాయ, సంచి, అన్నీ. వెనక వియ్యపురాలు — “ఏమంటాండాదిరా?” తర్వాత రేవతి గొంతు — “ఎవరు, అమ్మేనా?”

ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం
పెద్దాసుపత్రి, ఆపరేషన్ గది ముందు బెంచీ. రేవతిని నేరుగా ఇక్కడికే తెచ్చారు. రక్తం తెప్పించి ఉంచారు. ఆపరేషన్‌కు ఒప్పుకోలు సంతకం రేవతే పెట్టింది.

వియ్యపురాలు పక్కనే ఉంది. “ముందే సెప్పింటే నేను ముహూర్తం అడుగుదునా వదినా?” తర్వాత చిన్నగా — “సంచి తీసేస్తారా?”

తెలీదన్నాను.

స్ట్రెచర్ తోసుకుపోతుంటే రేవతి నా చీర కొంగు పట్టుకుంది. “నా తల మీద గదమ్మా వేసింటివి” అంది. కోపమో, భయమో. స్ట్రెచర్ తోసేవాళ్ళే కొంగు విడిపించారు.

ఇప్పుడే లోపల్నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. వియ్యపురాలు లేచి చేతులు జోడించింది, అల్లుడు తలుపు దగ్గరికి పరుగెత్తాడు. నన్నూ లెమ్మంటున్నారు.

బిడ్డను తీయడం మొదటి పని. మాయ ఇంకా లోపలే ఉంది.