వక్కరంగు పోగు

నాయనా,

ఈ పొద్దు నాకు కండ్లద్దాలొచ్చినాయి. నీ మాదిరే నలభై ఐదు దాటినాంక దగ్గరివి ఆనడం లేదు. పట్టు పోగు తెగితే రెండు కొసలూ కలపలేక మగ్గం గుంతలో అట్లే కూర్చుంటాండా. అద్దాల అంగడాయన "ఏమన్నా, ఇన్ని దినాలు ఎట్ల నేసినావు?" అని నవ్వినాడు. నీకు అద్దాలు చేయించాలని మాత్రం నాకు ఏ పొద్దూ తోచలేదు.

ఇంటికొచ్చి పెట్టె తెరిచినా. నువ్వు నేసిన ఆఖరి చీర, షావుకారు వద్దన్నది, నువ్వు పోయి ఆరేండ్లైనా ఆడే ఉండాది. ఎర్ర పోగుల నడుమ, తెగినచోట తప్పుగా అతికిన జానెడు వక్కరంగు పోగు. షావుకారు ముందరే అరిచినా గదా, "కండ్లు ఆనకుంటే మగ్గం ఇడిసిపెట్టు నాయనా!" అని. నువ్వు కండ్లు మూసుకొని ఆ పోగును ఏలితో తడిమి, గుంతలోంచి లేచినావు. మళ్ళా కూర్చోలేదు.

చీర తిరగేసి అద్దాలతో చూసినా. ఆ పోగు కొసన ముడి ఉండాది. నువ్వెప్పుడూ ముడెయ్యవు. ఏలికొసలకు బూడిద అద్దుకొని రెండు కొసలూ మెలిపెడతావు. ముడేసేది నేను. నువ్వు అన్నానికి లేచినప్పుడల్లా నీ చోట కూర్చొని నేసింది నేనే.

"అంతసేపు ఏం చూస్తాండావు?" అని నీ కోడలు అడిగింది.

అద్దాలు తీసేసి, కండ్లు మూసుకొని, నీ మాదిరి ఏలితో తడిమినా. ముడి తగిలింది.

ఆ పొద్దు నీకూ తగిలే ఉంటాది నాయనా.